పాదిరి గారూ, అయ్యగారూ



మనలో చాలామందికి క్రైస్తవ స్నేహితురాళ్ళున్నారు. పిల్లల్ని కాన్వెంటు బడికి పంపిస్తున్నాం. పక్కింటివారి అమ్మాయి పెళ్ళి చర్చిలో జరిగితే పట్టుచీర కట్టుకుని వెళ్ళి, ముందు వరుసలోనే కూర్చుని చూసి వస్తున్నాం. అంతా బాగానే ఉంటుంది. పెళ్ళి జరిపించిన పెద్దాయన భోజనాల దగ్గర ఎదురై నవ్వుతూ పలకరించినప్పుడే మన నాలుక తడబడుతుంది. ఆయన్ని ఏమని పిలవాలి? ఫాదర్ అనాలా, పాస్టర్ గారూ అనాలా, అయ్యగారూ అనాలా? మన అమ్మమ్మలు పాదిరి అనేవారు కదా, అది అనవచ్చా? ఏ మాటా తోచక ఒకావిడ "పంతులుగారూ" అనేసింది. పాపం, ఆయన నవ్వేసి ఊరుకున్నారనుకోండి.

ఈ చిన్న చిక్కు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మాట చిన్నదే గాని, దాని వెనుక చాలా కథ ఉంది.

ముందు పాదిరి సంగతి చూద్దాం. ఇది మన మాట కాదు, పోర్చుగీసువాళ్ళది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడనీ, 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారనీ బడిలో బట్టీపట్టాం గుర్తుందా? ఆ ఓడల్లో మిరియాలు కొనుక్కునే వర్తకులతో పాటు వాళ్ళ మతగురువులు కూడా వచ్చారు. వాళ్ళని పోర్చుగీసు భాషలో 'పాద్రె' అంటారు. అదే ఉత్తరాదిన పాద్రీ అయింది, మన దగ్గర పాదిరి అయింది. ఓడ దిగిన మాట ఇదొక్కటే కాదు లెండి. మీ ఇంట్లోకే ఒకసారి తొంగి చూసుకోండి. చీరలు పెట్టుకునే అలమార, వాటికి చేయించే ఇస్త్రీ, నీళ్ళ బాల్చీ, పళ్ళబుట్టలో అనాస, బొప్పాయి, ఇల్లు కట్టిపెట్టే మేస్త్రీ, ఆఖరికి అప్పుల్లో పడితే వచ్చే వేలం, ఇవన్నీ పోర్చుగీసువాళ్ళు వదిలి వెళ్ళిన మాటలే. మనం అవి పరాయి మాటలని ఏనాడూ అనుకోలేదు. బొప్పాయిని పరాయిదని ఎవరైనా పక్కన పెట్టారా?

ఇంతకీ పాద్రె అంటే ఏమిటనుకున్నారు? నాన్న. అంతే. ఇంట్లో పిల్లలు తండ్రిని పిలిచే మాటే గుడిలో గురువుకూ పెట్టుకున్నారు. లాటిన్‌లో 'పాతెర్' అనే మాట దీనికి తల్లి. మన సంస్కృతంలోని 'పితృ' శబ్దమూ, లాటిన్ పాతెరూ, ఇంగ్లీషు ఫాదరూ ఒకే మూలం నుంచి వచ్చిన బంధువులు. సంస్కృతమూ గ్రీకూ లాటినూ ఒకే ఊట నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అన్నప్పటినుంచీ పండితులు ఈ చుట్టరికాలు వెతుకుతూనే ఉన్నారు. అంటే తద్దినం నాడు మనం తలుచుకునే పితృదేవతలకూ, చర్చిలోని పాదిరికీ మాటవరసకు దూరపు చుట్టరికం ఉందన్నమాట. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. తమిళనాడులో కడలూరు దగ్గర తిరుప్పాదిరిప్పులియూరు అని పెద్ద శివక్షేత్రం ఉంది. అందులోని పాదిరికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది ఒక పూలచెట్టు పేరు.

మరి నాన్న అని అర్థం వచ్చే మాట మంచి మాటే కదా, అనడానికి సందేహమెందుకు? అక్కడే ఉంది కిటుకు.

నాకొక స్నేహితురాలుంది. టీచరుగా పనిచేస్తోంది. వాళ్ళ నాన్నగారు పల్లెటూళ్ళో చర్చి నడిపేవారు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదట, "పాదిరోడి కూతురు" అనేవాళ్ళట. ఏళ్ళు గడిచాక ఒకనాడు వాళ్ళింట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే నాతో అన్నది, "వదినా, ఆ ఊరి కరణంగారి తల్లి కూడా మా నాన్నను పాదిరి అనే అనేది. కాని 'పాదిరి గారు వచ్చారు, మంచినీళ్ళివ్వండి' అనేది. ఒకే మాట. ఆవిడ అంటే మా నాన్న ముఖం వెలిగేది. బళ్ళో పిల్లలు అంటే నేను ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని." నిజమే కదూ. నిఘంటువులో అర్థం ఒకటే. 'గారు' ఉన్నచోట ఒక లోకం, 'వాడు' ఉన్నచోట ఇంకో లోకం. వాడుకలో అలా అరిగీ, ఎకసెక్కానికి వాడబడీ పాదిరి అన్న మాట తెలుగునాట కాస్త మోటు మాటగా మిగిలిపోయింది. చిత్రమేమిటంటే మన సైన్యంలో మాత్రం దానికి ఏ మచ్చా అంటలేదు. రెజిమెంట్లలో పండిట్, గ్రంథీ, మౌల్వీ ఉన్నట్టే, క్రైస్తవ జవాన్ల కోసం ఉండే మతబోధకుడిని ఈనాటికీ పాద్రె అనే అంటారు. అక్కడ అది గౌరవమైన హోదా. ఇక్కడ మన వీధిలో అది వెక్కిరింత. మాటలకూ మనుషుల్లాగే జాతకాలుంటాయి కాబోలు.

పేరు గురించి ఇంత పట్టింపు ఇవాళ్టిది కాదు. 1606లో రాబర్టు డి నోబిలి అనే ఇటలీ దేశపు జెస్యూట్ గురువు మదురై చేరాడు. అప్పట్లో మదురైని ఏలుతున్నవాళ్ళు తెలుగు మాట్లాడే నాయక రాజులు. నోబిలి తమిళమూ తెలుగూ సంస్కృతమూ నేర్చుకున్నాడు. పోర్చుగీసువాళ్ళనూ వాళ్ళ మతంలో చేరినవాళ్ళనూ అక్కడివాళ్ళు 'పరంగి' అనేవారు. మాంసం తిని, సారా తాగి, శుచీ శుభ్రమూ లేనివాడని ఆ మాటకు అర్థం. ఆ మాట తనకు అంటితే ఎవరూ గడప తొక్కనివ్వరని నోబిలి గ్రహించాడు. కాషాయం కట్టాడు, శాకాహారం పట్టాడు, సన్యాసిలా ఉంటూ అయ్యర్ అనీ గురువు అనీ పిలిపించుకున్నాడు. ఇది మంచిదా, నటనా అని ఆయన తోటి గురువులే తగాదాపడ్డారు. ఆ తగాదా రోముదాకా వెళ్ళింది. ఆ చర్చ మనకెందుకు గాని, పై కులాలవాళ్ళ మెప్పు కోసం ఒక మనిషి తన పిలుపునే మార్చుకున్నాడన్నది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మన తెలుగుదేశంలో తరవాత జరిగింది దీనికి సరిగ్గా తిరగేసిన కథ.

పందొమ్మిదో శతాబ్దంలో ప్రొటెస్టెంటు మిషనరీలు వచ్చారు. 1842లో గుంటూరుకు హయ్యర్ అనే లూథరన్ గురువు వచ్చాడు, నెల్లూరులో, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. తెల్లవాళ్ళు కాబట్టి వాళ్ళు 'దొరలు', వాళ్ళ భార్యలు 'దొరసానులు'. అందులో విశేషం లేదు. విశేషమంతా వాళ్ళ తరవాత వచ్చిన మనవాళ్ళది. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఆయన భార్య నాగమ్మ క్రైస్తవం తీసుకున్నారు. పేరయ్య ఊరూరా తిరిగి బోధించాడు. పెద్ద కరువు తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజునే 2222 మంది బాప్తిస్మం పొందారు. ఇంతమందికి బోధకులు కావాలి కదా. ఆ పేటల్లోంచే బోధకులు వచ్చారు, తరవాత్తరవాత పాస్టర్లూ వచ్చారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజుల్లో 'అయ్యగారు' అంటే ఎవరు? కరణంగారు, మునసబుగారు, భూస్వామి. పేటలోని మనిషి వాళ్ళ ముందు చెప్పులు విడిచి, పైగుడ్డ తీసి, దూరంగా నిలబడి "అయ్యగారూ" అనాలి. వాళ్ళు తిరిగి ఇతన్ని ఎంత ముసలివాడైనా "ఒరే" అనే అంటారు. అలాంటి చోట, ఆదివారం నాడు తెల్లబట్టలు కట్టుకుని పుస్తకం పట్టుకుని నిలబడ్డ తమ మనిషిని, తమ పేటలో పుట్టినవాణ్ణి, పేటవాళ్ళు "అయ్యగారూ" అని పిలిచారు. ఆయన భార్య "అమ్మగారు" అయింది. ఊళ్ళోవాళ్ళు "పాదిరోడు" అన్నారు, పేటవాళ్ళు "అయ్యగారు" అన్నారు. ఆ రెండు పిలుపుల మధ్య దూరం మాలపల్లికీ ఊరికీ మధ్య ఉన్న దూరమంత. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాస్టరుగారిని ఇప్పటికీ అయ్యగారనే పిలుస్తారు. నా స్నేహితురాలి తండ్రినీ సంఘంవాళ్ళు అలాగే పిలిచేవారు. ఆ మాట వింటే ఎవరికో నౌకరు చేసే సలామని మనకు తోచవచ్చు. కాదు. అది వాళ్ళు సంపాదించుకున్న మాట.

సరే, ఇక మన అసలు సందేహానికి వద్దాం. ఎవరిని ఏమనాలి?

క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ తేడా తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది. క్యాథలిక్ గురువు ఫాదర్. ఆయన బ్రహ్మచారి. కాబట్టి "అమ్మగారూ పిల్లలూ కులాసాయేనా ఫాదర్?" అని అడగకండి, దయచేసి. ప్రొటెస్టెంటు సంఘాల్లో సాధారణంగా పాస్టర్ గారు. ఆయనకు సంసారం ఉండవచ్చు, అక్కడ కుశలం అడిగితే సంతోషిస్తారు. పాస్టర్ అంటే లాటిన్‌లో గొర్రెలకాపరి. తెలుగు బైబిల్లో కాపరి అన్నదీ అందుకే. లోకంలో ఎవరినీ తండ్రీ అని పిలవవద్దని ఏసు బోధించాడని సువార్తలో ఉంది. ఆ బోధను పట్టుకుని చాలామంది ప్రొటెస్టెంట్లు ఫాదర్ అన్న పిలుపును ఒప్పుకోరు. అయితే గుంటూరుకు మొదట వచ్చిన లూథరన్ హయ్యర్‌గారిని మాత్రం అంతా ఫాదర్ హయ్యర్ అనే చెప్పుకుంటారు! నియమాలు నియమాలే, ముద్దు ముద్దే.

క్యాథలిక్కుల తెలుగు మాటలు ఇంకా తమాషాగా ఉంటాయి. గురువుగారి కింద ఉండే ప్రాంతాన్ని వాళ్ళు 'విచారణ' అంటారు. ఫలానా విచారణ గురువు అని శుభలేఖలో చూసి, పోలీసు కేసేదో నడుస్తోందని కంగారుపడనక్కర్లేదు. మంచీ చెడ్డా విచారించేవాడని అర్థం. బిషప్‌ని మేత్రాణులు అంటారు, ఆయన పరిధి మేత్రాసనం. ఇది ఏ భాషా అని చాన్నాళ్ళు అనుకున్నాను. కేరళలోని సిరియన్ క్రైస్తవుల 'మెత్రాన్' నుంచి వచ్చిన మాటట. దాని మూలం గ్రీకులో ఉంది. మెట్రోపోలిస్, అంటే తల్లి పట్టణం. గురువేమో నాన్న, ఆయన పైన ఉండే పెద్దాయన పేరులోనేమో అమ్మ! మనకు నచ్చే సంగతే.

ఇక రెవరెండ్. ఇది పిలిచే మాట కాదు, రాసే మాట. పూజ్యులైన అని అర్థం. "పూజ్యులైనా, ఇలా రండి" అని మనం ఎవరినీ పిలవం కదా. అలాగే "రెవరెండ్ గారూ" అని పిలవడం పొసగదు. కవరు మీద, పేరుకు ముందు రాయాలి, అదీ పూర్తి పేరుకు ముందు. బిషప్పులకు రైట్ రెవరెండ్, మోస్ట్ రెవరెండ్ అని ఉంటాయి. అందులోని రైట్‌కు కుడి ఎడమలతో సంబంధం లేదు, 'మిక్కిలి' అని పాత ఇంగ్లీషు అర్థం. పత్రికల్లో అప్పుడప్పుడు 'చర్చి పూజారి' అని రాస్తుంటారు. ఆ మాట క్రైస్తవులు తమలో తాము వాడుకోగా నేను వినలేదు. వాళ్ళకు లేని మాట మనం అంటగట్టడం దేనికి?

ఇంతవరకూ నాన్నలూ అయ్యలే నడిచారు. మన సంగతేమిటి మరి?

మనకూ మాటలున్నాయి గాని, అవి వేరే దారిన వచ్చాయి. పెళ్ళి చేసుకోకుండా వచ్చి బడులూ ఆసుపత్రులూ నడిపిన తెల్లమ్మాయిల్ని మనవాళ్ళు మిస్సమ్మలన్నారు. మిస్ అన్న ఇంగ్లీషు మాటకు మన అమ్మను తగిలించారు. 1955లో వచ్చిన మిస్సమ్మ సినిమాలో సావిత్రి వేసిన మేరీ పాత్ర ఆ పిలుపును ఇంటింటికీ తెచ్చింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అటువంటి మిస్సమ్మే. గడప దాటని ఆడవాళ్ళ దగ్గరికి మగ డాక్టరు పోలేని రోజుల్లో ఆవిడ వైద్యం చేసి, ఆసుపత్రి కట్టించింది. ఆవిడ పేరుతోనే గుంటూరులో ఆ ఆసుపత్రి నిలిచింది. మిస్సమ్మల వెనుకే బైబిలు స్త్రీలు ఉండేవారు. మన తెలుగు ఆడవాళ్ళే, చాలామంది వితంతువులు. ఇంటింటికీ తిరిగి చదువు చెప్పడం, రోగుల్ని చూడడం, ప్రార్థన చేయడం వాళ్ళ పని. చేసేది గురువు పనే, పేరు మాత్రం 'స్త్రీ'. అయ్యగారు అనే మాటకు జతగా వాళ్ళకు పిలుపేమీ పుట్టలేదు.

క్యాథలిక్ మఠకన్యలు సిస్టర్లు. ఆసుపత్రిలో నర్సును మనం సిస్టర్ అని పిలవడం అక్కడినుంచి వచ్చిందే. రోగుల సేవ మొదట మఠకన్యలే చేసేవారు గనుక వాళ్ళ పిలుపు ఆ పనికి అంటుకుపోయింది. పెద్దవారు మదర్. మదర్ థెరీసా అన్న పేరు ఆవిడ కలకత్తా వీధుల్లో సేవ మొదలుపెట్టాక జనం పెట్టిందని చాలామంది అనుకుంటారు. అది కాదు. 1937లో ఆవిడ లొరెటో మఠంలో చివరి ప్రమాణాలు చేసినప్పుడే, ఆ మఠం ఆనవాయితీ ప్రకారం సిస్టర్ థెరీసా మదర్ థెరీసా అయింది. అప్పటికి ఆవిడ బడిలో టీచరు మాత్రమే.

ఇప్పుడు కొత్త చిక్కు చూడండి. దక్షిణ ఇండియా సంఘంలోనూ, మరికొన్ని ప్రొటెస్టెంటు సంఘాల్లోనూ ఆడవాళ్ళు గురువులవుతున్నారు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే అని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది. బిషప్ గారు అంటే సరిపోతుంది, ఆ మాటలో ఆడా మగా లేదు. కాని వీధి చివర చిన్న చర్చికి ఒకావిడ పాస్టరుగా వస్తే? అయ్యగారూ అనలేం. అమ్మగారూ అందామంటే, నూరేళ్ళుగా ఆ మాటకు పాస్టరుగారి భార్య అని అర్థం స్థిరపడిపోయింది. పాస్టరమ్మ అన్నా అంతే, ఆయన భార్య అనే వినిపిస్తుంది. చదువుకుని, పట్టా పుచ్చుకుని, ప్రసంగ వేదికెక్కిన మనిషిని ఎవరి భార్యో అన్నట్టు పిలిస్తే ఆమెకెలా ఉంటుంది? నా స్నేహితురాలి సంఘానికి అలాగే ఒకావిడ వచ్చారట. మొదటి నెలంతా పెద్దలు "అమ్మగారూ, అయ్యగారు ఎప్పుడొస్తారండీ?" అని అడుగుతూనే ఉన్నారట. "నేనే అయ్యగారిని" అని ఆవిడ నవ్వుతూ చెప్పేవారట. కొన్నాళ్ళకు పిల్లలు పాస్టర్ గారూ అనడం మొదలుపెట్టారు, వాళ్ళను చూసి పెద్దలూ అలవాటుపడ్డారు. ఆవిడ భర్త స్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తున్నారు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదట.

కవరు మీదైతే చిక్కు లేదు. రెవరెండ్ అన్న మాట ఆడవారికీ చెల్లుతుంది, దాని తరవాత పూర్తి పేరు రాస్తే చాలు. లోపల ఉత్తరం మొదలుపెట్టేటప్పుడే కలం ఆగుతుంది. నేనైతే 'పాస్టర్ గారికి నమస్కారములు' అని రాస్తాను. ఫాదర్‌కు రాసేటప్పుడు 'ఫాదర్ గారికి' అని. మీకు తెలిసినవాళ్ళలో ఇంకేదైనా పిలుపు వాడుకలో ఉంటే నాకు రాయండి, వచ్చేసారి చెప్పుకుందాం. సెలవు.